మెకడామియా గింజ: చరిత్ర చెప్పే షరతు

రోజూ గుప్పెడు మెకడామియా గింజలు గుండెకు మేలన్న మాట మీరు వినే ఉంటారు. దాని చరిత్రను కూడా తెలుసుకోండి.

తూర్పు ఆస్ట్రేలియా వర్షారణ్యాలలో పుట్టిన ఈ గింజ అక్కడి ఆదివాసులకు అనాదిగా ఆహారం. 1857లో వృక్షశాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ ఫాన్ ముల్లర్ దానికి జాన్ మెకడమ్ అనే వైద్యుని పేరు పెట్టాడు. 1880ల ఆరంభంలో హవాయికి చేరి, అక్కడ వాణిజ్య పంటగా ఎదిగింది.

2017లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, రోజుకు 42.5 గ్రాములు తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చునని చెప్పుకోవడానికి అంగీకరించింది. అయితే ఆధారాలు నిశ్చయాత్మకం కావన్నది. సంతృప్త కొవ్వు తక్కువగా ఉండాలనీ, మొత్తం కేలరీలు పెరగరాదనీ షరతు విధించింది. ఆ గుప్పెడులోనే సుమారు 300 కేలరీలున్నాయి. కనుక వాటిని అదనంగా కాక, జంతికలకు బదులుగా తినండి. గింజలు పడనివారు ముట్టవద్దు. వీటిని నమ్మి గుండె మందులు మానవద్దు.