స్వహస్త నిర్మిత వాహనం: రేడియోతో నడిచే నమూనాల చరిత్ర

రెండు తాటి బుర్రలకు నడుమ ఒక పుల్ల గుచ్చి, దానికి పొడవైన పంగల కర్రను ఆనించి, వీధి పొడవునా బండిగా తోలుకుంటూ పోవడం తెలుగు పల్లెల్లో తరతరాలుగా వస్తున్న ఆట. ఆ బండిని అంగట్లో కొని తెచ్చిన పిల్లవాడు లేడు. తోలేవాడే దానిని చేసినవాడు. బుర్ర వంకరగా ఉంటే బండి ఒక ప్రక్కకు ఎందుకు లాగుతుందో వానికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. చేసిన చేతికే అది తెలుస్తుంది.

చేతికీ బండికీ నడుమ ఉన్న ఆ కర్రను కూడా తీసివేసి, దూరాన నిలబడి బండిని మన ఇచ్ఛానుసారం మలపగలిగితే ఎట్లా ఉంటుంది? ఈ ప్రశ్న వెంట నడిచినవారు శాస్త్రజ్ఞులు కొందరే. వడ్రంగి పని, రేడియో పని రెండూ ఇంటి బల్ల మీద నేర్చుకున్న సామాన్య ఔత్సాహికులు అనేకులు. పడవ, విమానం, కారు అనే వరుసలో సాగిన ఆ ప్రయత్నాల కథ నూట ఇరవై ఐదేళ్ళకు పైబడినది.

తొలి అడుగులు

తీగ సంబంధం లేకుండా దూరాన ఒక పనిని జరిపించవచ్చునని లోకానికి చూపిన తొలి తరంలో మన దేశీయుడైన జగదీశ్ చంద్ర బోస్ ఒకరు. 1890ల నడిమి కాలంలో కలకత్తాలో ఆయన విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, అవతల గంట మ్రోగించి, తుపాకి మందును పేల్చి చూపారు. అయితే గంట మ్రోగించడం వేరు, కదిలే వాహనాన్ని మలపడం వేరు. గంటకు ఒకే ఆజ్ఞ చాలును. వాహనానికి కుడి, ఎడమ, నడువు, ఆగు అనే పలు ఆజ్ఞలు కావాలి.

ఆ రెండవ కార్యాన్ని సాధించినవాడు నికొలా టెస్లా. 1898లో న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో ఆయన ఒక నీటి తొట్టెలో చిన్న పడవను వదలి, దానిని తాకకుండానే ఇటూ అటూ త్రిప్పి చూపాడు. ఆ పడవలో తరంగాన్ని గ్రహించినది కోహెరర్ అనే సాధనం. అది లోహపు రజను పోసిన చిన్న గొట్టం. తరంగం సోకగానే రజను కణాలు ఒకదానినొకటి అంటుకొని విద్యుత్తుకు దారి ఇస్తాయి. మరొక ఆజ్ఞను అందుకోవాలంటే గొట్టాన్ని కదలించి కణాలను మళ్ళీ విడదీయాలి. ఆ ఏడాది నవంబరు 8న టెస్లాకు ఈ పరికరంపై 613809 సంఖ్య గల పేటెంటు లభించింది. పేటెంటు కార్యాలయపు ముఖ్య పరీక్షకుడు స్వయంగా వచ్చి కళ్ళారా చూచిన పిదపనే దానిని నమ్మాడని టెస్లా తరువాతి కాలంలో వ్రాసుకున్నాడు.

స్పెయిన్ దేశపు ఇంజనీరు లియొనార్డో టోరెస్ కెవెడో 'టెలెకినో' అనే సాధనాన్ని రూపొందించి, 1906లో బిల్బావో రేవులో రాజు పదమూడవ ఆల్ఫాన్సో సమక్షంలో ఒక పడవను ఒడ్డు నుంచే నడిపాడు. ఇవన్నీ మహామేధావుల కృషి. సామాన్యుని ఇంటి బల్ల మీదికి ఈ విద్య రావడానికి మరొక మూడు దశాబ్దాలు పట్టింది.

కవల సోదరుల విమానం

1930ల దశకం నాటికి అమెరికాలో రేడియో వాల్వులు, నమూనా విమానాలకు సరిపడే బుల్లి పెట్రోలు ఇంజన్లు ఔత్సాహికుల అందుబాటులోకి వచ్చాయి. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు ఉండేవారు. వాల్టర్‌కు నమూనా విమానాలంటే మక్కువ; విలియంకు రేడియో అంటే మక్కువ. ఈ రెండు విద్యలూ ఒక ఇంటిలో కలిసి 1937లో 'గఫ్' అనే విమానం పుట్టింది. ఈ కొస నుంచి ఆ కొసకు దాని రెక్కల పొడవు 8 అడుగులు. అందులోని రేడియోను కూడా వారే నిర్మించుకున్నారు. అటువంటి రేడియో అంగట్లో దొరికే కాలం కాదది.

ఆ కాలపు నమూనా విమానాలకు ప్రాణం బాల్సా కర్ర. దక్షిణ అమెరికాలో పెరిగే ఆ చెట్టు కర్ర మిక్కిలి తేలిక. తేలికైన కర్రను ఎంచుకోవడంలోనే సగం నేర్పు ఉన్నదన్న రహస్యం కొండపల్లి బొమ్మకు పొణికి కర్రను ఎంచుకున్న మన శిల్పులకు కొత్తది కాదు.

గుడ్ సోదరుల విమానం 1938, 1939, 1940 సంవత్సరాలలో అమెరికా జాతీయ పోటీలలో రేడియో విభాగంలో ప్రథమ స్థానం పొందింది. యుద్ధకాలంలో అక్కడి ప్రభుత్వం ఔత్సాహికుల రేడియో ప్రసారాలను నిలిపివేసింది. యుద్ధం ముగిసిన పిదప 1947లో మళ్ళీ ఆ విమానమే గెలిచింది. 1960లో అది స్మిత్‌సోనియన్ సంస్థ వారి ప్రదర్శనశాలకు చేరింది. ఇంటిలో చేసిన వస్తువు జాతి సంపదగా మన్నన పొందడం ఇద్దరు విద్యార్థుల శ్రమకు దక్కిన గౌరవం.

రబ్బరు మెలిక నుంచి హార్మోనియం స్వరం వరకు

1950ల నాటి ఔత్సాహికుని కష్టాన్ని నేటి పిల్లలు ఊహించడం కూడా కష్టమే. అప్పటి రేడియో చెప్పగలిగినది ఒకే మాట: ఉన్నది, లేదు. ఆ ఒక్క మాటతోనే చుక్కానిని మలపడానికి 'ఎస్కేప్‌మెంట్' అనే చిన్న యంత్రాన్ని వాడేవారు. అది గడియారంలోని పండ్ల చక్రం వంటిది. మెలి పెట్టిన రబ్బరు పట్టీ దానిని త్రిప్పడానికి సిద్ధంగా ఉంటుంది. రేడియో సంకేతం కొక్కేన్ని విడిపిస్తుంది. మీట నొక్కితే చుక్కాని కుడికి తిరుగుతుంది, వదలితే నడుమకు వస్తుంది. మళ్ళీ నొక్కితే ఎడమకు తిరుగుతుంది, వదలితే నడుమకు వస్తుంది. కనుక క్రిందటి మలుపు కుడియా ఎడమయా అన్నది నడిపేవాడే జ్ఞాపకం ఉంచుకోవాలి. మరచినవాని విమానం చెట్టును ఢీకొనేది. రబ్బరు మెలిక మధ్యలో అయిపోతే విమానం తన దారిన తాను పోయేది.

తరువాత వచ్చిన పద్ధతికి హార్మోనియం పెట్టె మంచి ఉపమానం. రేడియోలో కొన్ని సన్నని లోహపు రీడులు వరుసగా ఉంటాయి. ఒక్కొక్క రీడు ఒక్కొక్క స్వరానికి మాత్రమే కంపిస్తుంది. కుడికి ఒక స్వరం, ఎడమకు ఒక స్వరం, పైకి ఒకటి, క్రిందికి ఒకటి పంపితే, ఆయా రీడు కంపించి ఆయా మోటారును కదలిస్తుంది. ఇక జ్ఞాపకం ఉంచుకునే బాధ తప్పింది. అయినా 'కొంచెం కుడికి' అని చెప్పే వీలు లేదు; త్రిప్పితే పూర్తిగా త్రిప్పవలసిందే.

ఆ కొరత 1960ల దశకంలో తీరింది. 1947 చివరిలో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు అప్పటికి చౌకయై, వాల్వుల బరువునూ వాటి బ్యాటరీల బరువునూ తొలగించింది. చేతిలోని మీట ఎంత కదిలితే వాహనంలోని సర్వో అనే చిన్న మోటారు అంతే కదిలే విధానం ఏర్పడింది. అందులోని కీలకం కాలమానం. సాధారణంగా సెకనుకు 50 సార్లు ఒక విద్యుత్ స్పందన పోతుంది. దాని నిడివి సెకనులో వెయ్యవ వంతు అయితే ఒక కొస, రెండు వంతులైతే రెండవ కొస, ఒకటిన్నర అయితే నడిమి స్థానం. సర్వో తన స్థానాన్ని తానే కొలుచుకుంటూ ఆ నిడివికి సరిపోయే చోట నిలుస్తుంది. ఈ సూత్రమే నేటికీ చాలా నమూనా వాహనాలలో వాడుకలో ఉన్నది.

జెండాల మర్యాద

యంత్రంతో పాటు ఒక మర్యాద కూడా ఈ అభిరుచితో పెరిగింది. 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఔత్సాహికులకు ప్రధానంగా దొరికిన దారులు ఆరు. ఒకే దారిలో ఇద్దరు తమ రేడియోలను తెరిస్తే ఒకరి ఆజ్ఞ మరొకరి వాహనాన్ని చెడగొడుతుంది. గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం అనే ఆరు రంగులను ఆ ఆరు దారులకు గుర్తులుగా ఏర్పరచుకున్నారు. ఎవరి ఏరియల్‌కు వారి రంగు జెండా కట్టుకోవాలి. మైదానం ప్రక్కన ఒక పలక మీద ఆయా దారుల బిళ్ళలు ఉంటాయి. తన రంగు బిళ్ళ చేతికి వచ్చే వరకు ఎవరూ తమ రేడియోను తెరవరాదు.

అక్కడ పోలీసు లేడు, జరిమానా లేదు. ఒకరి తొందరపాటు వల్ల మరొకరి ఆరు నెలల శ్రమ క్షణంలో నేల కూలుతుందన్న ఎరుకే శాసనం. ఎంతటి నిపుణుడైనా ముందుగా నేర్చుకోవలసినది తన వంతు కోసం నిలబడడం.

పెట్టెలో వచ్చిన కారు

రేడియో కారు అంగట్లోకి కొంత ఆలస్యంగా వచ్చింది. 1966లో ఇటలీ సంస్థ ఒకటి ఫెరారి కారు నమూనాను విక్రయించింది. ఈ అభిరుచిని ఇంటింటికీ చేర్చినది మాత్రం జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన టమియా సంస్థ. 1946లో కలప వ్యాపారంగా మొదలైన ఆ సంస్థ, తరువాత నమూనాల తయారీకి మరలింది. పోర్షే కారు నమూనా సరిగా రావాలని షున్‌సాకు టమియా నిజమైన పోర్షే 911 కారునే కొని, దానిని భాగాలుగా విప్పించి కొలతలు తీయించాడు. 1976లో వెలువడిన పోర్షే 934 నమూనా అసలు కారులో పన్నెండవ వంతు. మొదటి ఏడాదిలోనే అది లక్షకు పైగా అమ్ముడుపోయింది.

ఆ పెట్టెలో ఉన్నది కారు కాదు. కారు కావలసిన భాగాలు. చక్రాలు, పండ్ల చక్రాలు, ఇరుసులు, మరలు, వాటితో పాటు మెట్టు మెట్టుకు బొమ్మలు గీసిన చిన్న పుస్తకం. కొన్నవాడు రోజుల తరబడి కూర్చుని బిగించుకోవాలి. మలుపులో వెలుపలి చక్రం లోపలి చక్రం కంటె ఎక్కువ దూరం తిరగాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఒకటి నేల మీద ఈడ్చుకుపోతుంది. ఆ చిక్కును తీర్చే డిఫరెన్షియల్‌ను స్వయంగా కూర్చిన పిల్లవానికి పాఠ్యపుస్తకంలోని పటం తరువాత కొత్తగా తోచదు. 1984లో టమియా వారి 'గ్రాస్‌హాపర్' అనే చౌక కిట్టు వెలువడి, కొత్తగా నేర్చుకునే బాలల ఆదరణ పొందింది.

అయితే రేడియోను తానే చేసుకున్న తరానికీ, భాగాలను కొని బిగించుకున్న తరానికీ నడుమ కొంత విద్య చేయి జారిపోయింది. తరువాతి దశాబ్దాలలో పెట్టె తెరవగానే పరుగెత్తే బొమ్మ కార్లు వచ్చినప్పుడు మిగిలినదీ జారిపోయింది. మూత విప్పడానికి వీలు లేని బొమ్మ చెడిపోతే చెత్తబుట్టలో చేరుతుంది. నడపడం అందరికీ అందింది. చేయడం కొందరి వద్దనే నిలిచింది.

మన దేశంలో

భారతదేశంలో ఈ అభిరుచికి ఒకప్పుడు అడ్డంకులు రెండు ఉండేవి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం రేడియో సాధనాన్ని దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు అవసరమయ్యేది. ఇక 1991 నాటి ఆర్థిక సంస్కరణలకు ముందు విదేశీ కిట్లు సామాన్య కుటుంబాలకు అందని వస్తువులు. ఆ కాలంలో విమాన నమూనా విద్యను బాలబాలికలకు చేరువ చేసిన సంస్థలలో నేషనల్ కేడెట్ కోర్ వారి వాయు విభాగం ముఖ్యమైనది. అఖిల భారత వాయు సైనిక శిబిరాలలో నమూనా విమానాల పోటీలు నేటికీ జరుగుతున్నాయి.

2005లో 2.4 గిగాహెర్ట్జ్ దారిలో తక్కువ శక్తి గల సాధనాలకు లైసెన్సు అవసరం లేదని కేంద్ర ప్రభుత్వం నియమావళి వెలువరించింది. దాదాపు అదే కాలంలో నమూనాల రేడియోలు ప్రపంచమంతటా ఆ దారికే మరలాయి. రేడియోలు తమ దారిని తామే వెదకుకోవడంతో రంగు జెండాల అవసరం క్రమంగా తగ్గింది. ఎగిరే నమూనాల విషయంలో 2021 నాటి డ్రోన్ నియమాలను, ఎగురరాదని ప్రకటించిన ప్రాంతాలను నేటి ఔత్సాహికులు తెలుసుకొని పాటించాలి. నికెల్-కాడ్మియం బ్యాటరీల స్థానంలో వచ్చిన లిథియం బ్యాటరీలు తేలికైనవే గాని, హద్దు మీరి చార్జి చేసినా, నలిగినా నిప్పు అంటుకొనగలవు. పెద్దల కనుసన్నలలోనే వాటిని చార్జి చేయడం క్షేమం.

మళ్ళీ చేతికి అందిన విద్య

చేయి జారిన విద్య తిరిగి చేతికి అందడం ఇటీవలి చరిత్రలోని శుభ పరిణామం. 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం 'ఆర్డుయినో' అనే చిన్న ఎలక్ట్రానిక్ పలక తయారైంది. అదే ఏడాది ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ తన భాగాలలో చాలావాటిని తానే ముద్రించుకోగల 'రెప్‌రాప్' యంత్రపు కృషిని ఆరంభించాడు. వాటి నిర్మాణ రహస్యాలను దాచక అందరికీ ఇచ్చారు. ఫలితంగా వాహనపు చట్రాన్ని ముద్రించుకొని, ఆజ్ఞలను తామే వ్రాసుకొని, గుడ్ సోదరుల వలె మొదటి నుంచి చివరి వరకు స్వయంగా నిర్మించే అవకాశం మళ్ళీ కలిగింది. మన దేశంలో 2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ పాఠశాలలలో నెలకొల్పుతున్న ప్రయోగశాలలలో ఇటువంటి సాధనాలు బాలబాలికల చేతికి అందుతున్నాయి.

ఒక పాఠశాలకు 75 ఏళ్ళు నిండే కాలంలో ఈ అభిరుచి మెలి పెట్టిన రబ్బరు పట్టీ నుంచి ఇంత దూరం వచ్చింది. సాధనాలు మారాయి, నేర్చుకునే తీరు మారలేదు. చేయడం, చెడిపోవడం, విప్పి చూడడం, మళ్ళీ చేయడం అనే నాలుగు మెట్లు నాడూ ఉన్నవి, నేడూ ఉన్నవి. కొన్న బొమ్మను మరునాడే విప్పి, మరలన్నీ నేల మీద పరచుకొని కూర్చున్న బిడ్డను చూచినప్పుడు తల్లిదండ్రులకు కోపం రావడం సహజం. బ్యాటరీని మాత్రం తీసి ప్రక్కన పెట్టి, చేతికి ఒక మంచి స్క్రూడ్రైవరు ఇచ్చి, పడిపోయిన మరలను ఏరుకోవడానికి ఒక గిన్నె ఇవ్వగలిగితే, ఆ బొమ్మ ఖరీదు వృథా కాదు.