గబ్బిలమే ఎందుకు?

మా వాడలో పొలం ఎవరికీ వారసత్వంగా రాలేదు. వ్యాసం రాయడమూ రాలేదు. అమ్మ మిరపకోతలకు పోయి చదివిస్తే మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. పుస్తకంలో ఉన్నది అప్పజెప్పడం బడి నేర్పింది. పుస్తకాన్ని అడగడం నేర్పలేదు. బళ్లో పంతులునయ్యాక నా దగ్గరికొచ్చే కాలేజీ పిల్లల్లోనూ ఆ లోటే చూస్తున్నాను.

మా అన్న కూతురు డిగ్రీ రెండో ఏడు. జాషువా ‘గబ్బిలం’ మీద వ్యాసం రాయమన్నారంట. గైడు తెచ్చింది. అందులో పేజీలకు పేజీలు కాళిదాసే. “ఇది ఎక్కిస్తే మార్కులొస్తయ్ చిన్నాన్నా” అంది.

“రాయడం తర్వాతమ్మా. ముందు నీ అనుమానాలు కాయితం మీద పెట్టు. తప్పా ఒప్పా అని చూడమాక” అన్నాను. కాసేపు పెన్ను నమిలి మూడు రాసింది. యక్షుడు ఏం తప్పు చేశాడు? ఈయనేం తప్పు చేశాడు? మేఘం ఉండగా గబ్బిలమే ఎందుకు?

యక్షుడు కొలువులో ఏమరాడు. కుబేరుడు ఏడాది శిక్ష వేశాడు. గడువు తీరితే ఇంటికి పోతాడు. జాషువా చెప్పిన అరుంధతీయుడు ఏ తప్పూ చేయలేదు. ఆయన శిక్షకు గడువూ లేదు. యక్షుడి కబురు పెళ్లానికి, ఈయన కబురు శివుడికి. గబ్బిలం గుళ్లో వేలాడుతుంది గనక దేవుడి చెవికి దగ్గర.

“ఆయనే పోయి చెప్పుకోవచ్చుగా?” అన్నాను.

“పోనిస్తారా?” అంది.

“ఊరికే అంటే చాలదు. ఏ సంవత్సరం? ఏ చట్టం?”

ఇద్దరం తేదీలు వరసగా రాశాం. 1936లో తిరువాన్కూరు సంస్థానం తన గుళ్లు తెరిచింది. 1939 జూలై 8న మదురై మీనాక్షి గుళ్లో దళితులు అడుగుపెట్టారు. ఆ ఏడే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. అది గుళ్లు తెరిచి తీరాలనలేదు, తెరవదలచిన ధర్మకర్తలకు అనుమతీ రక్షణా ఇచ్చింది. ప్రవేశం హక్కయింది 1947 చట్టంతో. అంటరానితనాన్ని రాజ్యాంగం రద్దు చేసింది 1950లో. జాషువా పుట్టిన వినుకొండ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ‘గబ్బిలం’ వచ్చింది 1941లో.

“అంటే తాళంచెవి ధర్మకర్త చేతిలో ఉన్నప్పటి కావ్యం” అంది పిల్ల. ఆ మాట గైడులో లేదు.

తర్వాత నసుగుతూ అడిగింది: “నాయనమ్మ గుడి మెట్ల కింద నిలబడి కొబ్బరికాయ అందించేదిగా, అది రాయొచ్చా?”

“రాయి. సాక్ష్యంగా రాయి. ఏ ఊరు, ఏ కాలం, ఎవరు చూశారో రాయి.”

చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కాళిదాసును వదిలేయమని నేననడం లేదు. ఆ పిల్ల వ్యాసంలోనూ కాళిదాసు ఉన్నాడు, రెండో పేరాలో. మొదటి పేరాలో 1939 ఉంది, నాయనమ్మ ఉంది. మన ఇళ్లల్లో తెలిసిన సంగతిని మార్కులకు పనికిరాదని మింగేయమాకండి. పక్కన సంవత్సరం వేసి, పేపరు మీద పెట్టండి.