మా టి.సి. మీద హైదరాబాదు జిల్లా

1976లో పదో తరగతి పాసైన మా బ్యాచ్ టి.సి.ల మీద ‘చేవెళ్ల తాలూకా, హైదరాబాదు జిల్లా’ అని ఉంటుంది. మనవళ్లకు చూపిస్తే తప్పు పడిందంటారు. రంగారెడ్డి జిల్లా ఏర్పడింది 1978 ఆగస్టు 15న. కొండా వెంకట రంగారెడ్డి గారి పేరు పెట్టారు. మండలాలు ఆ తర్వాతి మాట.

1969 తెలంగాణ ఉద్యమంలో బడులు నెలల తరబడి మూతపడ్డప్పుడు మేము చిన్న తరగతుల్లో ఉన్నాం, ఆటలే ఆటలు. పెద్ద తరగతుల వాళ్లకు మాత్రం ఆ ఏడాది చదువు దెబ్బతిన్నది. మేము పదిలోకి వచ్చిన జూన్‌లోనే ఎమర్జెన్సీ పెట్టారు. సార్లు స్టాఫ్ రూములో గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

మొయినాబాద్ వైపు వాళ్లకు ఎర్రబస్సే దిక్కు. తప్పిపోతే బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కింద నడక. ఆ చెట్లు చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. రోడ్డు వెడల్పు మాట వచ్చినప్పుడల్లా మాకు గుబులు.

నాట్లప్పుడు బెంచీలు ఖాళీ అయ్యేవి. కైకిలికి పోయిన కొందరు మళ్లీ రాలేదు. ఆరో తరగతిలో మాతో చదివిన ఆడపిల్లల్లో చాలామంది పదో తరగతి గ్రూప్ ఫోటోలో లేరు, పెళ్లిళ్లయిపోయాయి. ఆ ఫోటో చూసి స్వర్ణోత్సవానికి పిలుపులు పంపితే సగం బ్యాచ్‌ను వదిలేసినట్టే. ఆరో తరగతి హాజరు పట్టీ తీయాలి. ఆడపిల్లల ఇంటిపేర్లు మారి ఉంటాయి కాబట్టి పుట్టిన ఊరి నుంచే వెతకాలి.