ప్రైవేట్ కంపెనీల్లో బ్లాక్‌చైన్: వాటాల రిజిస్టర్‌కు మించి ఎంత?

కంపెనీ పాలనకు బ్లాక్‌చైన్ అవసరమనే వాదనకు తరచూ చూపే ఆధారం అమెరికాలోని డోల్ ఫుడ్ కేసు. 2013లో ఛైర్మన్ డేవిడ్ మర్డాక్ మిగతా వాటాలన్నీ కొని దాన్ని ప్రైవేట్ కంపెనీగా మార్చారు. ఆ ధరపై నడిచిన దావా ముగిసి పాత వాటాదారులకు సొమ్ము పంచబోతే, అర్హమైన వాటాలు సుమారు 3.68 కోట్లు, క్లెయిములు 4.92 కోట్ల వాటాలకు వచ్చాయి. పైకి అన్నీ సక్రమంగానే ఉన్నాయి! బ్లాక్‌చైన్ తరహా లెడ్జర్ దీనికి పరిష్కారం కావచ్చని 2017 ఫిబ్రవరిలో డెలావేర్ ఛాన్సరీ కోర్టు అంది. అదే ఏడాది ఆగస్టు నుంచి వాటాల రిజిస్టర్‌ను అలా నిర్వహించుకోవడానికి అక్కడి చట్టం వీలిచ్చింది.

ఈ ఆధారం ప్రైవేట్ కంపెనీకి ఎంతవరకు వర్తిస్తుందన్నది నా సందేహం. డోల్ చిక్కు లిస్టెడ్ వాటాలది: మధ్యవర్తుల వరుస, షార్ట్ సెల్లింగ్, సెటిల్‌మెంట్ జాప్యం. మన కంపెనీల చట్టంలో ప్రైవేట్ కంపెనీ సభ్యులకు పరిమితి 200. వాటాల బదిలీపై ఆర్టికల్స్‌లోనే ఆంక్షలుంటాయి. ఇక్కడ తగవులు వేరు: నోటీసు అందలేదని, బోర్డు మీటింగే జరగలేదని, కొత్త వాటాలు తమవాళ్లకే కేటాయించుకున్నారని. జరగని మీటింగు మినిట్స్‌ను బ్లాక్‌చైన్‌లో ఎక్కించినా అది జరిగినట్టు కాదు.

తేదీల విషయంలో మాత్రం ప్రయోజనం కాదనలేనిది. కాగితపు వాటాల బదిలీకి వాడే ఎస్‌హెచ్-4 ఫారం సంతకాలైన 60 రోజుల్లో కంపెనీకి చేరాలి. వెనకటి తేదీ వేసే పనికి టైమ్‌స్టాంప్ అడ్డుపడుతుంది. అయితే చిన్న కంపెనీలు మినహా ప్రైవేట్ కంపెనీలు డీమ్యాట్‌లోకి రావాలని 2023 అక్టోబరులోనే నిబంధన వచ్చింది. గడువును తర్వాత 2025 జూన్ 30కి పొడిగించారు. డీమ్యాట్ బదిలీకి ఆ ఫారమే అక్కర్లేదు. కాబట్టి బ్లాక్‌చైన్‌ను పోల్చాల్సింది పాత రిజిస్టర్ పుస్తకంతో కాదు, డీమ్యాట్ వాటాల రికార్డు ఉంచే డిపాజిటరీతో. అలా పోల్చితే అదనపు లాభం బాగా తగ్గుతుంది.

చెరపలేకపోవడం అన్నివేళలా గుణమూ కాదు. రిజిస్టర్ సవరించమని కంపెనీల చట్టం 59వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆదేశిస్తే, సవరణ ఎంట్రీ వేసే తాళంచెవి ఎవరిదో ముందే తేలి ఉండాలి. 2016లో ఎథీరియం బ్లాక్‌చైన్‌పై నడిచిన ద డావో అనే పెట్టుబడి నిధి నుంచి 36 లక్షల ఈథర్ (ఎథీరియం క్రిప్టో నాణేలు) తరలిపోయినప్పుడు, అందులోని మెజారిటీ హార్డ్ ఫోర్క్‌తో, అంటే చైన్‌ను చీల్చే నియమాల మార్పుతో, దాన్ని వెనక్కి మళ్లించింది. ఒప్పుకోనివాళ్లు పాత చైన్‌లోనే ఉండిపోయారు. అక్కడ లెడ్జర్ ప్రతిని ఉంచుకునే వేల కంప్యూటర్లు (నోడ్లు) ఉన్నాయి. కుటుంబ కంపెనీలో నోడ్లన్నీ మేనేజింగ్ డైరెక్టర్ సర్వర్‌లోనే ఉంటే, మైనారిటీ వాటాదారుకో ఆడిటర్‌కో సొంత నోడ్ లేకపోతే, ఆ లెడ్జర్‌ను ఆయన బీరువాలోని రిజిస్టర్ కంటే మెరుగైన సాక్ష్యంగా ఎంచడానికి కారణం కనిపించదు.