దీర్ఘకాలిక కాలేయ వ్యాధులు: అవగాహన – నిర్ధారణ పరీక్షలు

(జూలై 28 – ప్రపంచ హెపటైటిస్ దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

మానవ శరీరంలోని అంతర్గత అవయవాలలో కాలేయం అతి పెద్దది. ఉదరానికి కుడివైపు పైభాగంలో, పక్కటెముకల చాటున, దాదాపు ఒకటిన్నర కిలోల బరువుతో ఉండే ఈ అవయవం ఆహారంలోని పోషకాలను నిల్వ చేస్తుంది. పైత్యరసాన్ని, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన మాంసకృత్తులను తయారు చేస్తుంది. మద్యాన్ని, మందులను, విషపదార్థాలను విచ్ఛిన్నం చేసి వెలుపలికి పంపుతుంది. కొంత భాగం దెబ్బతిన్నప్పటికీ మిగిలిన భాగంతోనే విధులు నిర్వర్తించగల సామర్థ్యం దీనికి ఉన్నది. ఈ సామర్థ్యం కారణంగానే వ్యాధి ముదిరే వరకు రోగికి ఏ బాధా తెలియదు. కనుక లక్షణాల కోసం వేచి ఉండక, ముప్పు ఉన్నవారు ముందుగానే పరీక్షలు చేయించుకోవడం అత్యావశ్యకం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2022లో మన దేశంలో సుమారు 2.98 కోట్ల మంది హెపటైటిస్ బి, 55 లక్షల మంది హెపటైటిస్ సి వైరస్‌లతో జీవిస్తున్నారు. వైరల్ హెపటైటిస్ వల్ల ఆ ఒక్క సంవత్సరంలోనే ప్రపంచవ్యాప్తంగా సుమారు 13 లక్షల మంది మరణించారు. వైరస్ సోకినవారిలో అత్యధికులకు ఆ సంగతి తెలియకపోవడమే ఈ సమస్యలోని ప్రధానాంశం.

దీర్ఘకాలిక వ్యాధి అంటే:

కాలేయంలో వాపు లేదా కణాల నష్టం ఆరు నెలలకు మించి కొనసాగితే దానిని దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యపానం, స్థూలకాయం, మధుమేహాలతో ముడిపడిన ఫ్యాటీ లివర్ దీనికి ముఖ్య కారణాలు. శరీర రక్షణ వ్యవస్థ తన కాలేయంపై తానే దాడి చేయడం, రాగి లేదా ఇనుము కాలేయంలో పేరుకుపోవడం వంటి అరుదైన కారణాలు కూడా ఉన్నాయి.

కారణం ఏదైనా వ్యాధి నడిచే దారి ఒక్కటే. మొదట వాపు, తరువాత గాయం మానిన చోట మచ్చవలె గట్టిపడిన కణజాలం ఏర్పడతాయి. దీనినే ఫైబ్రోసిస్ అంటారు. ఈ మచ్చలు కాలేయమంతటా వ్యాపించి దాని నిర్మాణమే మారిపోతే అది సిర్రోసిస్. పొట్టలో నీరు చేరడం, కాళ్ల వాపు, రక్తపు వాంతులు, నల్లని మలం, మతి తడబాటు ఈ దశలో కనిపిస్తాయి. సిర్రోసిస్ ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు కూడా అధికం. మచ్చలు ఏర్పడే తొలి దశలలో కారణాన్ని తొలగించగలిగితే కాలేయం చాలా వరకు కోలుకుంటుంది. సకాలంలో జరిపే పరీక్షకు విలువ ఇక్కడే ఉన్నది.

కామెర్లు – అపోహలు:

కామెర్లు ఒక వ్యాధి కాదని, రక్తంలో బిలిరుబిన్ పెరిగినప్పుడు కనిపించే లక్షణమని ప్రజలు గ్రహించవలసి ఉన్నది. కలుషిత నీరు, ఆహారం ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ కాలంలో పసరు తాగినవారు, చేతులపై వాతలు పెట్టించుకున్నవారు తమకు వాటి వల్లనే నయమైనదని నమ్ముతారు. అదే నమ్మకంతో హెపటైటిస్ బి లేదా సిర్రోసిస్ ఉన్న వ్యక్తి కూడా పసరును ఆశ్రయిస్తే విలువైన నెలలు, సంవత్సరాలు వృథా అవుతాయి. కొన్ని ఆకు మందులు కాలేయానికి స్వయంగా హాని చేయగలవు. గర్భిణులలో హెపటైటిస్ ఇ ప్రాణాంతకం కావచ్చు గనుక వారికి కామెర్లు కనిపించిన వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మరొక ముఖ్య విషయమేమంటే, కళ్లు పచ్చబడనంత మాత్రాన కాలేయం ఆరోగ్యంగా ఉన్నట్లు భావించరాదు.

పరీక్షలు ఎవరికి అవసరం?

గర్భిణులందరికీ హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరిగా జరగాలి. గతంలో రక్తమార్పిడి లేదా డయాలిసిస్ చేయించుకున్నవారు, సురక్షితం కాని సూదులతో ఇంజెక్షన్లు, పచ్చబొట్లు వేయించుకున్నవారు, వైద్య సిబ్బంది, హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు, హెపటైటిస్ ఉన్నవారి జీవిత భాగస్వామి, పిల్లలు, తోబుట్టువులు బి, సి పరీక్షలు చేయించుకోవాలి. మధుమేహం, స్థూలకాయం ఉన్నవారు, నిత్యం మద్యం సేవించేవారు కాలేయ స్థితిని తెలిపే పరీక్షలు చేయించుకోవడం అవసరం.

వైరస్ పరీక్షల అర్థం:

హెపటైటిస్ బి నిర్ధారణకు రక్తంలో ఉపరితల యాంటిజెన్ కోసం పరీక్షిస్తారు. ఇది ఆరు నెలలు దాటి పాజిటివ్‌గా ఉంటే వ్యాధి దీర్ఘకాలికమైనట్లు. తరువాత వైరస్ డి.ఎన్.ఎ. పరిమాణం, ఎంజైమ్‌ల స్థాయి, కాలేయ స్థితిని బట్టి మందులు ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యులు నిర్ణయిస్తారు. టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటి మందులు వైరస్‌ను అదుపులో ఉంచుతాయి. వాటిని వైద్యుల సలహా లేకుండా మధ్యలో మానివేయడం ప్రమాదకరం. కాగా, ఉపరితల యాంటిజెన్‌కు వ్యతిరేకంగా ఏర్పడే యాంటీబాడీ పాజిటివ్‌గా వస్తే, అది టీకా వల్ల గాని, గతంలో సోకి తగ్గిన వ్యాధి వల్ల గాని రక్షణ లభించినదనడానికి గుర్తు. ఈ రెండు ఫలితాలను ఒకటిగా భావించి అనవసర భయానికి లోనుకావడం కద్దు.

హెపటైటిస్ సి విషయంలో యాంటీబాడీ పరీక్ష తొలి మెట్టు మాత్రమే. వ్యాధి నయమైన తరువాత కూడా యాంటీబాడీలు రక్తంలో నిలిచి ఉంటాయి. అందువల్ల ఆర్.ఎన్.ఎ. పరీక్షలో వైరస్ ఉన్నట్లు తేలితేనే వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అవుతుంది. నోటి ద్వారా తీసుకునే మందులతో సాధారణంగా 12 వారాలలో 95 శాతం మందికి పైగా పూర్తిగా స్వస్థత పొందుతున్నారు. దీనికి టీకా లేనందున పరీక్ష, చికిత్సలే శరణ్యం.

కాలేయ పరీక్షల నివేదికను ఎలా అర్థం చేసుకోవాలి?

లివర్ ఫంక్షన్ టెస్టు అన్న పేరుతో జరిగే పరీక్షలన్నీ కాలేయ పనితీరును తెలిపేవి కావు. ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అనే ఎంజైమ్‌లు కణాలు దెబ్బతింటున్నాయని సూచిస్తాయి. పనితీరును తెలిపేవి ఆల్బుమిన్, బిలిరుబిన్, ప్రోత్రాంబిన్ సమయం. ముదిరిన సిర్రోసిస్‌లో కూడా ఎంజైమ్‌లు సాధారణ స్థాయిలో ఉండవచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గడం ఒక ముఖ్య హెచ్చరిక. ఎస్.జి.ఓ.టి. విలువ ఎస్.జి.పి.టి.కి రెండింతలు మించితే మద్యం వల్ల కలిగిన హానిని అనుమానిస్తారు.

ఈ సాధారణ పరీక్షలతోనే ఫైబ్రోసిస్ ముప్పును అంచనా వేసే పద్ధతి ‘ఫిబ్-4’. వయస్సును ఎస్.జి.ఓ.టి. విలువతో గుణించాలి. వేలలో తీసుకున్న ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్.జి.పి.టి. వర్గమూలంతో గుణించాలి. మొదటి లబ్ధాన్ని రెండవ లబ్ధంతో భాగించాలి. ఉదాహరణకు 52 సంవత్సరాల వ్యక్తికి ఎస్.జి.ఓ.టి. 60, ఎస్.జి.పి.టి. 49, ప్లేట్‌లెట్లు 1.5 లక్షలు ఉన్నాయనుకుందాం. 52ను 60తో గుణిస్తే 3,120, 150ని 7తో గుణిస్తే 1,050, ఫలితం 2.97. ఈ విలువ 1.3 కంటే తక్కువైతే ముప్పు స్వల్పం; 2.67 దాటితే నిపుణుని సంప్రదించాలి. మధ్యలో ఉంటే తదుపరి పరీక్షలు అవసరం. పై ఉదాహరణలో ఎంజైమ్‌లు స్వల్పంగానే పెరిగినప్పటికీ ముప్పు ఎక్కువగా ఉన్నట్లు గమనించవచ్చు. 35 సంవత్సరాల లోపు వారిలో ఈ లెక్క అంతగా నమ్మదగినది కాదు. 65 దాటినవారికి దిగువ పరిమితిని 2గా తీసుకుంటారు.

అల్ట్రాసౌండ్ ద్వారా కొవ్వు, కణుతులు, పొట్టలోని నీరు తెలుస్తాయి. తొలి దశ ఫైబ్రోసిస్ అందులో కనిపించకపోవచ్చు. కాలేయం ఎంత గట్టిపడినదో నొప్పి లేకుండా కొలిచే ఫైబ్రోస్కాన్‌ను కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా చేయించుకోవాలి. కారణం తేలని సందర్భాలలో బయాప్సీ చేస్తారు. సిర్రోసిస్ ఉన్నవారు క్యాన్సర్‌ను ముందుగా గుర్తించేందుకు ప్రతి ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి.

ప్రభుత్వ కార్యక్రమాలు:

కేంద్ర ప్రభుత్వం 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించినది. దీని క్రింద చికిత్సా కేంద్రాలలో హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు ఉచితం. ఫ్యాటీ లివర్‌ను 2021లో అసాంక్రమిక వ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో చేర్చారు. అధిక బరువు ఉన్నవారు తమ బరువులో 7 నుంచి 10 శాతం తగ్గించుకుంటే కాలేయంలోని కొవ్వు, వాపు తగ్గుతాయి.

హెపటైటిస్ బి నివారణలో తెలుగు నేలకు ప్రత్యేక స్థానం ఉన్నది. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను విడుదల చేసినది. అంతకుముందు విదేశాల నుండి వచ్చే ఖరీదైన టీకా దీనితో సామాన్యులకు చేరువైనది. పుట్టినప్పుడు వైరస్ సోకిన శిశువులలో సుమారు 90 శాతం మందికి వ్యాధి దీర్ఘకాలికమవుతుంది. పెద్దలలో ఇది 5 శాతం లోపే. కనుక పుట్టిన 24 గంటలలోపు తొలి మోతాదు, ఆపై 6, 10, 14 వారాలలో పెంటావాలెంట్ టీకా ఇప్పించాలి. తల్లికి వైరస్ ఉంటే శిశువుకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. ప్రసవం సెలవు దినాన జరిగినా, రాత్రివేళ జరిగినా ఈ 24 గంటల గడువు మారదు. ఆసుపత్రుల పర్యవేక్షణాధికారులు ఈ అంశంపై ప్రత్యేక దృష్టి సారించాలి.

కలిసి భుజించడం, కరచాలనం, ఆలింగనం వల్ల హెపటైటిస్ బి, సి సోకవు. రోగులను పని నుండి, ఇంటి నుండి దూరం చేయడానికి ఎటువంటి వైద్యపరమైన ఆధారం లేదు. పరీక్షలో పాజిటివ్ వచ్చినవారి పేర్లు, వివరాలు గోప్యంగా ఉంచాలి. వెలివేతకు భయపడినవారు పరీక్షకు ముందుకు రారు. పత్రికలు, ప్రసార మాధ్యమాలు కామెర్ల మందుల గురించిన ప్రచారానికి తావివ్వకుండా, సమీప చికిత్సా కేంద్రాల సమాచారాన్ని ప్రజలకు అందించగలిగితే అనేక కుటుంబాలకు మేలు చేకూరుతుంది. వైరల్ హెపటైటిస్‌ను 2030 నాటికి ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్న లక్ష్య సాధనలో ప్రతి ఒక్కరూ భాగస్వాములు కావలసి ఉన్నది.