కన్నాంబ: ఏలూరు స్టేజీ నుంచి లేచిన ఆవాజ్

మండవల్లి నుంచి ఏలూరుకి ఇప్పుడు మనం బజారు పని మీదో, ఆస్పత్రి పని మీదో వెళ్తాం. మన పర్‌దాదాల జమానాలో ఆ ఊరికి నాటకాల షోహరత్ ఉండేది. ఆ ఊళ్లోనే అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగిన ఒక అమ్మాయి తర్వాత తెలుగు, తమిళ సినిమాల్లో ముప్పై ఏళ్ల దాకా తన ఆవాజ్‌తో హుకూమత్ చేసింది. ఆమె పేరు పసుపులేటి కన్నాంబ. నూర్జహాన్, సురయ్యా పేర్లు మన ఇళ్లలో ఇంకా వినిపిస్తాయి. మన పక్క ఊరి అదాకారా తవారీఖ్ కూడా మన పిల్లలకి తెలియాలి కదా!

ముందు ఆ జమానా హాలత్ చూద్దాం. అప్పటి తెలుగు నాటకంలో ఉర్దూ వాసన కూడా కలిసి ఉంది. ఉర్దూ, హిందూస్తానీలో ఆడుతూ దేశమంతా తిరిగిన పార్సీ కంపెనీల నుంచి రంగురంగుల తెరలు, హార్మోనియం వరసలు మన నాటకాల్లోకి వచ్చాయి. పద్యం పాడలేని వాడికి స్టేజీ మీద జాగా లేదు. ఆడ వేషాలు ఎక్కువగా మగవాళ్లే వేసేవారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు ఆడ వేషాలకే మషహూర్ అయి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. స్టేజీ ఎక్కిన ఆడమనిషికి మాత్రం చప్పట్లు దొరికినంత సులువుగా ఇజ్జత్ దొరికేది కాదు.

కన్నాంబ 1911లో కడపలో పుట్టారు. చిన్నప్పుడే సంగీతం నేర్చుకుని ఏలూరులో నాటకాల్లోకి దిగారు. ఆమె గురించి తరచు చెప్పుకునే కిస్సా ఒకటుంది. ఒక రాత్రి హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేషం వేసిన మగాయన సరిగ్గా పాడలేక జనం చేత ఈలలు వేయించుకున్నాడట. చూడడానికి వచ్చిన కన్నాంబ లేచి, తాను పాడతానని స్టేజీ ఎక్కి, కొడుకు శవం దగ్గర చంద్రమతి ఏడ్చే ఘట్టం పాడి అందరినీ ఏడిపించిందట. కిస్సాలో ఎంత హకీకత్ ఉందో గానీ, ఆ చంద్రమతి వేషమే ఆమెను సినిమాకి తీసుకెళ్లింది. 1935లో వచ్చిన 'హరిశ్చంద్ర' టాకీలో అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, కన్నాంబ చంద్రమతి. మరుసటి ఏడు 'ద్రౌపదీ వస్త్రాపహరణం'లో ఆమే ద్రౌపది. 1938లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'గృహలక్ష్మి'లో సంసారం కూలిపోయిన ఇల్లాలి వేషం వేశారు. అందులో భర్తను వలలో వేసుకునే నాట్యకత్తె కాంచనమాల.

ఆ టాకీల రోజుల్లో పాటకి వేరే గొంతు అరువు తెచ్చుకునే రివాజ్ ఇంకా రాలేదు. కెమెరా తిరుగుతుంటే నటించే మనిషే పాడాలి. వాయిద్యాల వాళ్లు తెర మీద కనపడకుండా పక్కన కూర్చుని వాయించాలి. పాట తప్పితే షాట్ అంతా మళ్లీ మొదటికి వస్తుంది. రాత్రంతా మైకు లేకుండా చివరి వరస దాకా వినిపించేలా పాడిన నాటకాల వాళ్లకి ఆ మెహనత్ కొత్త కాదు. అందుకే తొలి టాకీల వాళ్లు స్టేజీ మనుషుల కోసమే వెతికారు.

1940ల నడుమ నుంచి ప్లేబ్యాక్ జోరందుకుంది. గొంతు మీదే బతికిన చాలా మంది నటుల దుకాణం అక్కడ బంద్ అయింది. కన్నాంబ నిలబడ్డారు. ఎలాగంటే, ఆమె దగ్గర రాగంతో పాటు తలఫ్ఫుజ్ ఉంది. మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ మండించాలో ఆమెకు తెలుసు. దానికి పెద్ద సబూత్ తమిళంలోనే ఉంది. 1942లో వచ్చిన 'కణ్ణగి'లో ఇళంగోవన్ రాసిన బరువైన తమిళ సంభాషణలను ఈ తెలుగు మనిషి చెప్పి తమిళుల దాద్ అందుకున్నారు. 1954లో ఎల్.వి. ప్రసాద్ తీసిన 'మనోహర'లో కరుణానిధి మాటలకు శివాజీ గణేశన్ ఒకవైపు, తల్లి వేషంలో కన్నాంబ ఒకవైపు గొంతు ఇచ్చారు. తెలుగులో 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మ ఆమే. పరాయి జబాన్‌లో అంత పేరు రావడం అంటే ఎంత రియాజ్ చేసి ఉండాలో ఆలోచించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆమె ఎప్పుడూ ఒకరి కంపెనీలో కూలికి పాడే మనిషిగానే ఉండిపోలేదు. భర్త కడారు నాగభూషణంతో కలిసి రాజరాజేశ్వరి పేరుతో నాటక సమాజం నడిపారు. తర్వాత అదే పేరుతో సినిమా కంపెనీ పెట్టారు. 1942లో 'సుమతి', 1962లో ఎన్.టి. రామారావు శివుడుగా 'దక్షయజ్ఞం' ఆ ఇంటి నుంచే వచ్చాయి. 1964 మే 7న మద్రాసులో ఆమె ఇంతెకాల్ అయ్యారు.

అదే దౌర్‌లో పాడుతూ నటించిన మన మల్లికల దారులు పక్కన పెట్టి చూడండి. నూర్జహాన్ 1947 తర్వాత పాకిస్తాన్ వెళ్లి, కొన్నేళ్లకి నటన వదిలి పాట మీదే ఉండిపోయారు. సురయ్యా 1963 నాటి 'రుస్తం సొహ్రాబ్' తర్వాత తెరను వదిలేశారు. కన్నాంబ పాట తగ్గినా మాటను పట్టుకుని చివరి దాకా తెర మీదే ఉన్నారు. ముగ్గురిదీ ఒకే సవాల్: జమానా మారినప్పుడు హునర్‌ని ఎలా కాపాడుకోవాలి? జవాబులే వేరు.

1930ల టాకీల్లో చాలా వాటి రీళ్లు ఇప్పుడు లేవు. మన దాదీలు, నానీల యాద్‌లు కూడా రీళ్ల లాంటివే. వాళ్లు కొల్లేటి ఊళ్లలో చూసిన నాటకాలు, టూరింగ్ టాకీలు, అందులో పాడిన ఆడవాళ్ల పేర్లు అడిగి రాసిపెట్టండి. ఇంట్లో ఆడపిల్ల గొంతు బాగుందంటే మురిసిపోతాం, ఆ గొంతు నలుగురిలో వినపడితే మాత్రం ముఖం చిట్లిస్తాం. ఏలూరు జనం కన్నాంబకి చప్పట్లు కొట్టి తొంభై ఏళ్లు దాటింది. ఆ చప్పట్లతో పాటు ఇవ్వాల్సిన ఇజ్జత్ మనం మన బేటీలకైనా పూర్తిగా ఇస్తున్నామా అన్నది ప్రతి ఖాందాన్ తనను తాను అడగాల్సిన సవాల్.