జిట్రేగి చెక్క, చిన్న గిటారు

ఖమ్మము దాటి భద్రాచల ప్రాంతపు అడవులలో ప్రవేశించినవారికి జిట్రేగి చెట్టు క్రొత్త కాదు. దాని చేవ ఊదా కలసిన గోధుమవన్నె. నల్లని చారలతో నిగనిగలాడును. మంచములకు, పెట్టెలకు, బండి చక్రములకు మనవారు దానిని వాడిరి. దూరదేశములలో ఆ జాతి చెక్కయే గిటారుకు వీపు, ప్రక్కలు అయినది.

నేడు గిటారు అనగానే పెద్ద పొట్టగల వాద్యము కన్నులకు కట్టును. మొదట అది అట్లు లేదు. సాక్సనీ సీమలో వయొలిన్ పనివారు గిటారు చేయుట తమ హక్కని వడ్రంగులతో తగవు పెట్టుకొనిరి. ఆ తగవులాటల నడుమనుండియే క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో న్యూయార్కు చేరెను. అతని సంస్థవారి రెండవ నంబరు గిటారు వెడల్పు 12 అంగుళములే. నంబరు పెరిగినకొద్ది వాద్యము చిన్నదగుట ఆ కొలతలలోని వింత! జంతువుల ప్రేగులతో పేనిన తంత్రులు, ఇంటి చావడిలో నలుగురు శ్రోతలు. అంతకు మించిన నాదముతో పని లేదు.

సభలు పెరిగినవి. బాంజో మ్రోతలో గిటారు వినబడదాయెను. 1916లో ఒక బోస్టన్ వర్తకసంస్థ కొరకు మార్టిన్ సంస్థ పెద్ద గిటారును చేసి, దానికి డ్రెడ్‌నాట్ అను యుద్ధనౌక పేరు పెట్టినది. వెడల్పు 15 అంగుళములకు పైమాట. 1922 నాటికి ఉక్కు తీగలును వచ్చినవి. చిన్న గిటారు మూలబడెను.

దానికి మరల గౌరవము తెచ్చినది మైకు. పెద్ద గిటారు మంద్రనాదము గాయకుని గొంతును క్రమ్మివేయును. చిన్నది ప్రక్కకు ఒదిగి నిలుచును. మైకు ముందు అరచి నెగ్గినవాడు లేడని రేడియో శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు.

ఆ పాత గిటారులలో మేలైనవి బ్రెజిలు రోజ్‌వుడ్డువి. అది దుర్లభము కాగా, 1969లో మార్టిన్ సంస్థ భారతదేశపు రోజ్‌వుడ్డుకు, అనగా మన జిట్రేగికి, మరలినది. భద్రాచలపు చెట్టే అచటికి పోయినదని నేననను. జాతి మాత్రము అదియే. మితిమీరిన నరకుడువలన ఈ జాతి నేడు ఆపదలోనున్న వృక్షములలో చేరినది. 2017లో అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందము జిట్రేగి కుటుంబమంతటికి కట్టడి విధింపగా, వాద్యకారులు సరిహద్దులవద్ద చిక్కుల పాలైరి. 2019లో తయారైన వాద్యములకు సడలింపు లభించినది. దుంగలకు, పలకలకు లభింపలేదు. 1992 నుండి మరింత కఠినమైన కట్టడిలోనున్న బ్రెజిలు చెక్కతో చేసిన తాతలనాటి చిన్న గిటారు సరిహద్దు దాటవలెనన్న, నేటికిని అనుమతిపత్రము వెంట ఉండవలసినదే.